వీణ మెట్లు కదలడం ఆగిన రోజు: గిటార్ వాయించేవాళ్ళకి ఒక పాత కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో గిటార్ నేర్చుకునే మన పిల్లలకి ఒక దశలో ఒకే ఇబ్బంది వస్తుంది. పాట వాయించమంటే వాయిస్తారు. సొంతంగా వాయించమంటే మాత్రం ఆ నాలుగైదు ఫ్రెట్ల మధ్యే తిరుగుతుంటారు. మిగతా బోర్డు అంతా తెలియని ఊరే. ఇదేం కొత్త ఇబ్బంది కాదు. మన వీణ వాళ్ళు దీన్ని ఎప్పుడో చూశారు. వీణలో ఫ్రెట్‌ని మెట్టు అంటాం.

1550లో, విజయనగరంలో అళియ రామరాయల పెత్తనం నడుస్తున్నప్పుడు, రామామాత్యుడు సంస్కృతంలో 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో వీణకి ఒక ప్రకరణమే ఉంది. ఏకరాగమేళ వీణ అంటే, ఎత్తుకున్న రాగానికి కావాల్సిన స్వరాలకే మెట్లు. రాగం మారితే మెట్లు సర్దుకోవాలి. సర్వరాగమేళ వీణ అంటే, అన్ని రాగాలకీ సరిపోయేలా మెట్లు. రాగం మారినా మెట్టు కదలదు.

తర్వాత తంజావూరు. 17వ శతాబ్దం మొదట్లో అక్కడ ఏలిన రఘునాథ నాయకుడు తెలుగు కవి కూడా. ఇప్పుడు మనం చూసే 24 మెట్ల సరస్వతీ వీణకి ఈ రూపం ఆయన కాలంలోనే వచ్చిందని సంప్రదాయం చెబుతుంది.

ఇక్కడ అసలు పాయింట్ చూడండి. మెట్లు జరుపుకునే వీణలో రాగం వాయిద్యంలోనే ఉంటుంది. ఆ రాగంలో లేని స్వరానికి మెట్టే ఉండదు. మెట్లు స్థిరపడ్డాక అన్ని రాగాలూ చేతికి అందాయి, కానీ తప్పు స్వరం కూడా వేలి పక్కకే వచ్చింది. దారి చూపే పని వాయిద్యం నుంచి మనిషి బుర్రకి మారింది. గిటార్‌లో మనల్ని భయపెట్టేది కూడా ఇదే.

మరి వాళ్ళేం చేశారు? రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వెంకటమఖి. ఆయన 'చతుర్దండీప్రకాశిక' అనగానే అందరికీ 72 మేళాలే గుర్తొస్తాయి. అందులో ఠాయం అని ఇంకోటి ఉంది. రాగంలో ఒక స్వరాన్ని స్థానంగా పట్టుకోవాలి. దాని చుట్టూ పైకీ కిందికీ చిన్న చిన్న సంచారాలు చేయాలి. తర్వాత ఇంకో స్వరానికి వెళ్ళాలి. అంటే బోర్డు మొత్తం ఒకేసారి బట్టీ పట్టడం కాదు, ఒక్కో చోట కాసేపు కాపురం ఉండడం.

మీరూ చేసి చూడండి. వీణలో సారణి తీగ 12వ మెట్టు మీద పలికే పై షడ్జమం, పంచమం తీగ 17వ మెట్టు మీదా పలుకుతుంది. గిటార్‌లోనూ అంతే. మొదటి తీగ 12వ ఫ్రెట్, రెండో తీగ 17వ ఫ్రెట్, రెండూ ఒకటే స్వరం. ఈ వారం ఆ ఒక్క స్వరాన్నే తీసుకోండి. రెండు చోట్లా దాని చుట్టూ నాలుగు స్వరాలతో వాయించండి. వచ్చే వారం ఇంకో స్వరం. తొందరేం లేదు, మెట్లు ఎక్కడికీ పోవు.

మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.