గిత్తల వెనక అమ్మమ్మ

సంక్రాంతికి గుడివాడ బండలాగుడు పోటీలకు ముదినేపల్లి నుంచి మా తాతయ్య ఒంగోలు గిత్తల జతను తోలుకెళ్లేవాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పళ్లను బట్టి విభాగాలు. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగితే అంత గొప్ప. పెద్ద రైతుల గిత్తలకు జీతగాళ్లుండేవాళ్లు. మా జతకు అమ్మమ్మే. తెల్లారకముందే ఉలవలు ఉడకేసేది, పేడ తీసేది. ఒక ఏడు దాణా ఖర్చుకు ఆమె చెవి దుద్దులు తాకట్టుకెళ్లి తిరిగి రాలేదు. మైకులో మాత్రం తాతయ్య పేరే.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించినప్పుడూ, 2023 మే 18న తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించినప్పుడూ జంతుహింస గురించీ సంప్రదాయం గురించీ చాలా చదివాను. రెండూ అవసరమైన వాదనలే. ఉలవల కుండ దగ్గర కూర్చున్న మనిషి మాత్రం దేంట్లోనూ కనపడలేదు. అమ్మమ్మ ఒక్క పోటీ కూడా చూడలేదు. ఆడవాళ్లకి అక్కడేం పని అన్నారట.