గోష్ఠీగానము – పరేంగిత జ్ఞానము



భగవంతుని ఏకాంతమున ధ్యానించుట ఒక మార్గము. పదిమందితో కూడి కీర్తించుట మరియొక మార్గము. మొదటిదానిలో మన మనస్సును మనము నిగ్రహించుకొనిన చాలును. రెండవదానిలో ప్రక్కవారి మనస్సును గూడ కనిపెట్టవలసియుండును. ఎదుటివారు నోరు విప్పి చెప్పకమునుపే వారి హృదయస్థితిని గ్రహించుటను మన పెద్దలు పరేంగిత జ్ఞానమనిరి. గోష్ఠీగానము ఆ జ్ఞానమును నేర్పు పాఠశాల. అయితే, కూడి పాడినంతమాత్రమున అది అలవడునా? ఈ ప్రశ్నకు తిరువయ్యారు చరిత్రలో సమాధానమున్నది.

శ్రీ త్యాగరాజస్వామివారు 1767లో జన్మించి, 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. తమిళదేశమున కావేరీతీరమందు నివసించినను వారిది కాకర్లవారి తెలుగు కుటుంబము. విద్వాంసులు సభలలో పాడు ప్రౌఢకృతులతోపాటు దివ్యనామ సంకీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను గూడ వారు రచించిరి. వీనిలో చరణములు తరచుగా ఒకే వరుసలో నడచును. సంగీతాభ్యాసము లేనివారు సైతము రెండు మూడు చరణములు వినునప్పటికి గొంతు కలుపగలరు. భజన సంప్రదాయమున దీపమును నడుమ నిలిపి, దానిచుట్టును తిరుగుచు దివ్యనామములను పాడుదురు. ఆ వలయములో ముందువాడెవడు, వెనుకవాడెవడు? అందరికిని దీపము సమానదూరముననే యుండును.

గోష్ఠిలో పాడువాడు మొదట నేర్వవలసినది వినుట. తన గొంతే తనకు వినబడుచున్నదనిన, అది హెచ్చినదని తెలియవలెను. తాళము పరుగెత్తుచున్నదనిన, ఎవరో ఉద్రేకమున నున్నారని గ్రహింపవలెను. వృద్ధులు ఊపిరి తీసికొనుచోట తక్కినవారు చరణమును అందుకొందురు. క్రొత్తవాడు తప్పినచో పాట నాపి మందలింపరు. సరియైన వరుసను కొంచెము స్పష్టముగా పాడి వానిని దారికి తెత్తురు. ఎవరి మనస్సును నొప్పింపని దిద్దుబాటు ఇది.

ఇంతటి విద్యను ప్రసాదించిన మహనీయుని సన్నిధిలోనే కొంతకాలము కలహము నెలకొనెను. శిథిలమైయున్న స్వామివారి సమాధిని 1903లో శిష్యులైన ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ గార్లు బాగుచేయించిరి. పిమ్మట ఆరాధనోత్సవములు సామూహికముగా ఆరంభమైనవి. కాని అనతికాలముననే నిర్వాహకులు రెండు పక్షములుగా చీలిరి. వానికి పెరియ కట్చి, చిన్న కట్చి అని పేర్లు. ఒక పక్షమువారి ఉత్సవము ఆరాధన దినముతో ముగియగా, రెండవవారిది ఆ దినమున మొదలగుచుండెను. స్త్రీలకు మాత్రము ఏ పక్షమునను పాడుటకు చోటు లేకుండెను.

అట్టి సమయమున బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952) తిరువయ్యారు చేరిరి. దేవదాసీ కుటుంబమున జన్మించి, సంగీతసాహిత్యములలో పేరొందిన విదుషి ఆమె. తాను ఆర్జించిన ధనమును వెచ్చించి, సమాధిపై ఆలయము నిర్మింపజేసిరి. పిమ్మట ప్రతిష్ఠ జరిగెను. ఆలయము కట్టించిన ఆమెకే ఉత్సవమున పాడు అర్హత లేదనిరి. ఆమె అలిగి వెడలిపోలేదు. ఆలయము వెనుకభాగమున స్త్రీలను సమీకరించి, వారిచేత స్వామికి గానార్చన జరిపించిరి. అట్లు మూడవ వర్గము ఏర్పడెను.

తుదకు 1940లో పెద్దల ప్రయత్నముచే ఈ మూడు వర్గములును ఏకమైనవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్న కీర్తనలను అందరును కలసి పాడు పద్ధతి అప్పుడే స్థిరపడెను. ఆ గోష్ఠిలో స్త్రీలును కూర్చుండిరి. నేటికిని పుష్య బహుళ పంచమినాడు అదే క్రమము సాగుచున్నది.

ఇచ్చట మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. సంగీతమే వారిని కలిపినదనిన అది సగము సత్యమే. విడిపోయిన మూడు దశాబ్దములును వారు పాడినవి ఆ స్వామి కృతులే గదా! కావున కలిపినది కేవలము పాట కాదు, పాడిన విధము. పంచరత్న గోష్ఠిలో రాగాలాపన చేసి ఒకరు మెప్పు పొందుటకు వీలులేదు. కల్పనస్వరములతో ఒకరిని మించి ఒకరు పోవుటకు తావులేదు. మహావిద్వాంసుడును, నిన్న నేర్చిన బాలికయు అవే స్వరములను, అదే కాలప్రమాణమున పాడవలెను. ఎవరి గెలుపును లేనిచోట ఎవరికిని ఓటమి లేదు. అహంకారమునకు తావు తగ్గినకొలది పరుల హృదయము మనకు గోచరించును.

కావున మన ఊరి భజనమండలులను గూడ ఈ దృష్టితో పరిశీలించుకొందము. మైకు ఎల్లప్పుడు ఒకరి చేతనే యున్నదా? గొంతు బాగులేదని ఎవరినైన వెనుకకు నెట్టితిమా? గుడి వాకిట నిలిచి, లోనికి రమ్మను పిలుపుకై చూచుచున్నవారెవరైన ఉన్నారా? వారిని పిలిచి చేతికి చిడతలందించుట స్వామికి ప్రీతికరమైన సేవ.

పంచరత్నములలో కడపటిదైన శ్రీరాగ కీర్తనలో స్వామివారు మహానుభావులందరికిని వందనమర్పించిరి. అట్టి మహాగాయకుడు తన్ను తాను పొగడుకొనక, అందరికిని చేయి మోడ్చెను. ఆ వినయము మన గోష్ఠులలో నిలుచుగాక!

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.