కొట్టేసిన టికెట్టా, దాచిపెట్టిన టికెట్టా?

బే ఏరియాలో మనవాళ్ళు నలుగురు లంచ్‌కి కూర్చుంటే గ్రీన్ కార్డు తర్వాత ఎక్కువగా నలిగే టాపిక్ స్పీడింగ్ టికెట్టే అనుకుంటా. "ఏముంది గురూ, ట్రాఫిక్ స్కూల్ చేసెయ్, కేసు కొట్టేస్తారు" అని ఎవరో ఒకరు సలహా పడేస్తారు. కాలిఫోర్నియా వరకూ ఈ మాటకి 2011లోనే కాలం చెల్లింది. అదెలాగో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1960ల దాకా ఇక్కడ చాలా ట్రాఫిక్ తప్పులు 'మిస్‌డిమీనర్' కింద లెక్క. అంటే నేరమే. జైలు భయం ఉండేది, దాంతోపాటే జ్యూరీ విచారణ అడిగే హక్కూ ఉండేది. 1968లో శాసనసభ 'ఇన్‌ఫ్రాక్షన్' అనే కొత్త తరగతి పెట్టింది. దాంతో జైలూ పోయింది, జ్యూరీ కూడా పోయింది. మిగిలింది జరిమానా.

ఆ రోజుల్లో ట్రాఫిక్ స్కూలు లెక్క సింపుల్. క్లాసుకెళ్ళి సర్టిఫికెట్ తెచ్చిస్తే కోర్టు కేసు కొట్టేసేది. జనం నిద్రపోకుండా కమెడియన్లతో పాఠాలు చెప్పించే స్కూళ్ళు కూడా లాస్ ఏంజెలెస్‌లో వెలిశాయి. ఆ తర్వాత క్లాసులు ఇంటర్నెట్‌కి ఎక్కాయి.

ఈలోగా 1988లో ఓటర్లు ప్రపోజిషన్ 103 గెలిపించారు. కారు ఇన్సూరెన్స్ ధరలో మొదట చూడాల్సింది డ్రైవింగ్ రికార్డే అన్నారు. మంచి డ్రైవరుకి కనీసం 20 శాతం డిస్కౌంటు. మూడేళ్ళలో ఒక పాయింటు దాటితే అది గోవిందా! అలా పాయింటుకి డాలర్లలో విలువొచ్చింది, ట్రాఫిక్ స్కూలుకి గిరాకీ పెరిగింది.

2010లో ఏబీ 2499 చట్టం చేశారు, 2011 జూలై 1న అమల్లోకొచ్చింది. అప్పట్నుంచి స్కూలు పూర్తి చేసినా కేసు కొట్టెయ్యరు. శిక్ష రికార్డులో పడుతుంది, కాకపోతే డీఎంవీ దాన్ని గోప్యంగా ఉంచుతుంది, పాయింటు వెయ్యదు. ఇన్సూరెన్స్ వాడికి కనపడదు. మన భాషలో చెప్పాలంటే రో డిలీట్ కాలేదు, ఫ్లాగ్ మారిందంతే. ఈ సౌకర్యం 18 నెలలకి ఒక్కసారే, అదీ ఒక టికెట్ తేదీ నుంచి ఇంకో టికెట్ తేదీకి లెక్క. లిమిట్ కన్నా 25 మైళ్ళకి మించి దూసుకెళ్తే గుమాస్తా చేతిలో పనికాదు, జడ్జి దగ్గరికెళ్ళి అడుక్కోవాల్సిందే.

రికార్డు ఉంచడంలో నాకు తప్పేమీ కనపడట్లేదు. పదేపదే తప్పుచేసేవాణ్ణి పట్టుకోవాలంటే పాత లెక్క ఉండాలి కదా. నా పేచీ వేరే. 15 మైళ్ళ లోపు స్పీడింగ్‌కి అసలు జరిమానా 35 డాలర్లే. దానిమీద రాష్ట్రం, కౌంటీ, కోర్టు తలా ఒక పిడికెడు వడ్డిస్తే 200 దాటుతుంది. స్కూలుకెళ్ళేవాడు దాదాపు అంతా కట్టి, పైన కోర్టు ఫీజు, స్కూలు ఫీజు కూడా ఇచ్చుకోవాలి. మనలాంటి వాళ్ళకి అదొక వీకెండ్ ఖర్చు. గంటల లెక్కన జీతం తీసుకునేవాడు స్కూలు వదిలేసి పాయింటు మోస్తాడు, ఆనక ఇన్సూరెన్స్ రూపంలో మళ్ళీ కడతాడు.

కొంత మార్పు రాలేదని కాదు. ముందు డబ్బు కడితేనే విచారణ అనే పద్ధతిని 2015లో జ్యుడీషియల్ కౌన్సిల్ ఆపింది. జరిమానా కట్టలేదని లైసెన్సు సస్పెండ్ చెయ్యడం 2017లో ఆగింది. ట్రాఫిక్ స్కూలు మాత్రం ఇప్పటికీ చేతిలో డబ్బాడే వాళ్ళకే బాగా అక్కరకొస్తోంది. తప్పు ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు, దాచిపెట్టే సౌకర్యం జేబుని బట్టి ఉండటం ఏం న్యాయం చెప్పండి?