పది లక్షల డాలర్లు వద్దన్న పెరెల్మాన్

గ్రిగొరీ పెరెల్మాన్ అనగానే "ఆ డబ్బులొద్దన్న పిచ్చాయనా?" అంటారు. వద్దన్నాడు సరే, ఎందుకు వద్దన్నాడో ఎవరూ అడగరు!

1904లో పాయింకారే ఒక ప్రశ్న వదిలాడు. అంచుల్లేని, పరిమితమైన మూడు కొలతల ఆకారంలో ఎక్కడ దారం ఉచ్చు వేసినా తెగకుండా చుక్కలోకి లాగేయగలిగితే, అది గోళం లాంటిదేనా అని. దీనికి దారి వేసింది రిచర్డ్ హామిల్టన్. గిన్నెలో వేడి అంతటా సర్దుకున్నట్టు ఆకారంలోని వంపుల్ని సర్దే 'రిచీ ఫ్లో' 1982లో ఆయన తెచ్చిందే. చిక్కల్లా, మధ్యలో ఆకారం కొన్నిచోట్ల మెడలా సన్నబడి తెగిపోతుంది. బండి అక్కడే ఇరవై ఏళ్ళు ఆగిపోయింది. ఆ మెడల సంగతి తేల్చి, కత్తిరించి, మళ్ళీ నడిపించింది పెరెల్మాన్. 2002 నవంబరు నుంచి 2003 జులై లోపు మూడు పేపర్లు ఆర్కైవ్‌లో పెట్టేసి ఊరుకున్నాడు. జర్నల్‌కి కూడా పంపలేదు.

2006లో ఫీల్డ్స్ మెడల్ వద్దన్నాడు. 2010లో క్లే ఇన్‌స్టిట్యూట్ ఇస్తానన్న పది లక్షల డాలర్లూ వద్దన్నాడు. ఈసారి కారణం సూటిగానే చెప్పాడు: హామిల్టన్ చేసింది తను చేసినదానికి ఏమాత్రం తీసిపోదు, ఈ నిర్ణయం అన్యాయం అని.

ఇందులో పిచ్చి ఎక్కడుందండీ? ఎవరో రాసిన లైబ్రరీ మీద నాలుగు లైన్లు కలిపి, అప్రైజల్‌లో మొత్తం మనదే అని రాసుకునే జాతి మనది. మనకి ఆయన వింతగానే కనిపిస్తాడు మరి.

హామిల్టన్‌కి 2011లో షా ప్రైజ్‌లో సగం వచ్చింది. పెరెల్మాన్ వదిలేసిన డబ్బుతో పారిస్‌లోని పాయింకారే ఇన్‌స్టిట్యూట్‌లో కుర్ర గణితవేత్తలకి ఒక పోస్టు పెట్టారు.