దుమ్ముగూడెము ఆనకట్టయు ఫలితబలమును

భద్రాచలమునకు ఎగువన, అడవుల నడుమ, గోదావరికి రాళ్లు అడ్డుపడు చోట దుమ్ముగూడెము ఆనకట్ట కలదు. 19వ శతాబ్ది మధ్యభాగమున సర్ ఆర్థర్ కాటన్ సముద్రతీరము నుండి మధ్యభారతము వరకు గోదావరిపై పడవలు నడపవలెనని సంకల్పించెను. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులుండెను. వానిలో మొదటిదానిని దాటుటకు దుమ్ముగూడెమువద్ద కాప్టెన్ హేగ్ పర్యవేక్షణలో ఆనకట్టయు, కాలువయు, లాకులును నిర్మింపబడినవి. 1871లో ప్రభుత్వము ఈ పథకమును విరమించెను. పడవల మార్గము పూర్తి కాలేదు. ఆనకట్ట మాత్రము నిలిచినది. ఈ ప్రాంతము 1959లో ఖమ్మము జిల్లాలో చేరి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది.

గోదావరి కాలువలలో మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. త్రాడు గట్టువైపు ఏటవాలుగా నుండును. పడవ మాత్రము కాలువ వెంబడి పోవలెను. త్రాటి లాగుడు 50 కిలోగ్రాముల భారమనియు, త్రాటికిని కాలువకును నడిమి కోణము 30 డిగ్రీలనియు అనుకొందము. అందు ముందుకు లాగు అంశము 43.3, గట్టువైపు లాగు అంశము 25. ఈ 25ను చుక్కాని పట్టినవాడు ఎదిరింపవలెను. రెండు గట్టుల నుండియు ఇట్లే లాగినచో ప్రక్కబలములు రెండును రద్దగును. ఫలితబలము 86.6 కిలోగ్రాములై నేరుగా కాలువ వెంబడి నుండును.

చేతికి తెలిసిన ఈ సంగతి సూత్రమగుటకు చాల కాలము పట్టినది. 1586లో సైమన్ స్టెవిన్ వాలుతలముపై వ్రేలాడు గుండ్ల మాలను ఊహించి బలముల సమతూకమును వివరించెను. 1687లో ఇంగ్లండున న్యూటన్, ఫ్రాన్సున వరిన్యాన్ బల సమాంతర చతుర్భుజ న్యాయమును ప్రకటించిరి. రెండు బలములను ఒకే బిందువు నుండి రెండు భుజములుగా గీచి సమాంతర చతుర్భుజమును పూర్తిచేసినచో, ఆ బిందువు నుండి గీచిన కర్ణమే ఫలితము. బలములు అనేకములైనచో ఒకదాని కొస నుండి మరియొకదానిని గీచుచు పోవలెను. తొలి మొదలును తుది కొసను కలుపు రేఖయే ఫలితము. వరుస మారినను ఫలితము మారదు. కాని ఒక్క బలమును విడిచినచో మారును. ఎంత మారునో ఆనకట్ట లెక్కలో తెలియును.

4 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు, 1 మీటరు నిడివి గల రాతిగోడను ఊహింపుడు. ఘనమీటరు కట్టడము 2 టన్నులైనచో గోడ బరువు 24 టన్నులు. ఎగువన నీరు అంచువరకు నిండియున్నచో దాని త్రోపుడు 8 టన్నులు. అది అడుగు నుండి ఎత్తులో మూడవవంతున పనిచేయును. ఫలితము 25.3 టన్నులు. అది అడుగును నడిమి నుండి 0.44 మీటరు దిగువవైపున తాకును. ఎగువ అంచున పగులు పుట్టకుండవలెనన్న ఫలితము అడుగు నడిమి మూడవవంతులోనే, అనగా నడిమి నుండి 0.5 మీటరు లోపలనే, పడవలెను. కనుక గోడకు భయము లేదనిపించును.

అయితే నీరు పునాది క్రిందికి ఊరి గోడను పైకెత్తును. ఎగువ అంచున పూర్తి ఒత్తిడియు, దిగువ అంచున సున్నయు అనుకొనినచో ఈ పైకెత్తు బలము 6 టన్నులు. నికరభారము 18 టన్నులకు తగ్గును. ఫలితము నడిమి నుండి 0.76 మీటరు దూరమున పడును. గోడ మారలేదు, నీరు మారలేదు. విడిచిన బలము లెక్కలో చేరినంతనే అపాయము బయటపడినది.

ఇది కేవలము కాగితపు లెక్క కాదు. 1895 ఏప్రిల్ 27న ఫ్రాన్సులో బూజే ఆనకట్ట తెగి 80 మందికి పైగా మరణించిరి. నీటి పైకెత్తు బలమును లెక్కింపకుండుట అందుకు ముఖ్యకారణమని తేలినది. అటుపిమ్మట ఇంజనీర్లు దానిని విడువక లెక్కలో చేర్చసాగిరి.

కావున విద్యార్థి చతుర్భుజమును గీయుటకు ముందు ఆ వస్తువుపై పనిచేయు బలములనన్నిటిని పేరుపేరున వ్రాసికొనవలెను. సూత్రము తాను చేర్చిన బలములకే ఫలితము చెప్పును. విడిచిన బలమును గోడ విడువదు.