పెద్ద ఎత్తున సేంద్రియ సాగు: లాభమెంత, నష్టమెంత?

రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు, పచ్చిరొట్ట, వేప కషాయంతో చేసేదే సేంద్రియ సాగు. ఎకరం, రెండెకరాల్లో కాకుండా రాష్ట్రమంతా, దేశమంతా ఇలాగే చేస్తే ఏమవుతుంది? రెండు ఉదాహరణలు చూద్దాం.

సిక్కిం 2003లో నిర్ణయం తీసుకుని, రసాయన ఎరువుల సబ్సిడీని మెల్లమెల్లగా తగ్గించింది. సుమారు 75 వేల హెక్టార్లు మారాక, 2016 జనవరిలో దేశంలోనే మొదటి పూర్తి సేంద్రియ రాష్ట్రం అయింది. శ్రీలంక మాత్రం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, టీ తోటలూ దెబ్బతిన్నాయి. బియ్యం బయటినుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేశారు.

లాభాలు: నేల గుల్లబారి తేమ నిలుస్తుంది. మందుల ఖర్చు, దానికోసం చేసే అప్పు తగ్గుతాయి. పిచికారీ చేసే కూలీల ఒంట్లోకి విషం పోదు.

నష్టాలు: మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గుతుంది. కలుపు తీతకు కూలి ఎక్కువ. పశువులు లేనివాళ్లు ఎరువు కొనాల్సిందే. సర్టిఫికెట్‌కు 2 నుంచి 3 ఏళ్లు ఆగాలి. ఖర్చు ఇప్పుడే, మంచి ధర మాత్రం తర్వాతే. కౌలు రైతు అన్నాళ్లు ఎలా ఆగుతాడు? పొలం వచ్చే ఏడాది తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు కదా!

అందుకే మారాలనుకునేవాళ్లు ముందు కొంత భూమిలోనే మొదలుపెట్టడం మంచిది. కొనేవాళ్లు ప్యాకెట్‌పై సేంద్రియ ధ్రువీకరణ గుర్తు చూసుకోవాలి.