లాలాజల గ్రంథుల కణితుల జన్యు సూచికలు

లాలాజల గ్రంథులలో పుట్టే కణితి ఏ రకమైనదో నిర్ధారించడానికి, అది ముందుముందు ఎలా ప్రవర్తిస్తుందో అంచనా వేయడానికి తోడ్పడే జన్యు మార్పులను '''లాలాజల గ్రంథుల కణితుల జన్యు సూచికలు''' అంటారు. ఈ కణితులు అరుదైనవి. తల, మెడ భాగాలలో వచ్చే కణితులలో వీటి వాటా సుమారు 3 నుండి 6 శాతం మాత్రమే. అయినను వీటిలో రకాలు చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 వర్గీకరణలో ఒక్క కాన్సర్లే సుమారు 20 రకాలు ఉన్నాయి.

== గ్రంథులు, కణితులు ==

మానవునిలో మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు కలవు. అవి చెవి ముందు ఉండే పెరోటిడ్ గ్రంథులు, దవడ క్రింద ఉండే అధోజంభికా గ్రంథులు, నాలుక క్రింద ఉండే అధోజిహ్వికా గ్రంథులు. ఇవిగాక నోటి లోపలి పొరలో వందలాది చిన్న గ్రంథులు ఉంటాయి. కణితులలో అధికభాగం పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి. వీటిలో ఎక్కువ శాతం ప్రమాదం లేనివి. సాధారణంగా గ్రంథి చిన్నదయ్యే కొద్దీ అందులోని కణితి కాన్సర్ అయ్యే అవకాశం పెరుగుతుంది.

== జన్యు సూచికల అవసరం ==

ముఖ కండరాలను కదిలించే నాడి పెరోటిడ్ గ్రంథి గుండా పోతుంది. కాబట్టి శస్త్రచికిత్సకు ముందే కణితి స్వభావం తెలియడం ముఖ్యం. అయితే సూదితో తీసిన కొద్దిపాటి కణాలలో వేర్వేరు రకాలు సూక్ష్మదర్శిని క్రింద ఒకేలా కనిపించవచ్చు. ఇటువంటి సందర్భాలలో జన్యు పరీక్ష ఉపకరిస్తుంది.

ఈ కణితులలో అనేకం క్రోమోసోముల స్థానాంతరణం వలన ఏర్పడతాయి. అనగా ఒక క్రోమోసోము ముక్క తెగి మరొక క్రోమోసోముకు అతుక్కొంటుంది. రెండు పుస్తకాల పుటలను కలిపి కుట్టినట్లు, రెండు జన్యువులు కలిసి ఒక సంయుక్త జన్యువు తయారవుతుంది. ఒక్కొక్క సంయుక్త జన్యువు దాదాపుగా ఒక్కొక్క రకం కణితికి గుర్తు.

== ముఖ్యమైన సూచికలు ==

* '''ప్లియోమార్ఫిక్ ఎడినోమా:''' అన్నిటికంటే సాధారణమైన కణితి. కాన్సర్ కాదు. ఇందులో పీఎల్ఏజీ1 లేదా హెచ్ఎంజీఏ2 జన్యువులలో మార్పులు కనిపిస్తాయి. చాలా కాలం వదిలివేస్తే ఇది కాన్సర్‌గా మారవచ్చు. అప్పుడు కూడా ఈ గుర్తులు నిలిచి ఉండవచ్చు.
* '''మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా:''' 11, 19 క్రోమోసోముల మధ్య మార్పిడి వలన సీఆర్‌టీసీ1–ఎంఏఎంఎల్2 ఏర్పడుతుంది. దీనిని 2003లో వెల్లడించారు.
* '''ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా:''' 6, 9 క్రోమోసోముల మార్పిడి వలన ఎంవైబి–ఎన్ఎఫ్ఐబి ఏర్పడుతుందని 2009లో స్వీడన్‌కు చెందిన గోరాన్ స్టెన్‌మన్ బృందం తెలిపింది. ఈ కాన్సర్ నెమ్మదిగా పెరిగి, నాడుల వెంట ప్రాకి, ఎన్నో ఏళ్ళ తరువాత కూడా తిరగబెట్టగలదు.
* '''సెక్రెటరీ కార్సినోమా:''' 12, 15 క్రోమోసోముల మార్పిడి వలన ఈటీవీ6–ఎన్‌టీఆర్‌కే3 ఏర్పడుతుంది. 2010లో చెక్ దేశస్థురాలు అలెనా స్కాలోవా బృందం దీనిని ప్రత్యేక రకంగా వర్ణించింది. అంతకుముందు వీటిలో అనేకం ఎసినిక్ సెల్ కార్సినోమాగా లెక్కించబడ్డాయి.
* '''ఎసినిక్ సెల్ కార్సినోమా:''' ఇందులో ఎన్ఆర్4ఏ3 జన్యువు అతిగా పనిచేస్తుందని 2019లో తెలిసింది.

== పరీక్షా పద్ధతులు ==

మెరిసే రంగు అంటించిన డీఎన్ఏ ముక్కలతో విరిగిన జన్యువును చూపే ఫిష్ పరీక్ష, ప్రతిరక్షకాలతో ప్రోటీన్లకు రంగు వేసే పరీక్ష, అనేక జన్యువులను ఒకేసారి చదివే నూతన తరం సీక్వెన్సింగ్ వాడుకలో ఉన్నాయి. వీటిలో ప్రోటీన్ పరీక్ష సాధారణంగా తక్కువ ఖర్చుతో అవుతుంది.

== రోగ ఫలితం, చికిత్స ==

రోగ నిర్ధారణలో ఉపకరించినంతగా ఈ సూచికలు రోగి భవిష్యత్తును చెప్పలేవు. సీఆర్‌టీసీ1–ఎంఏఎంఎల్2 ఉన్నవారికి ఫలితం మెరుగ్గా ఉంటుందని తొలి పరిశోధనలు సూచించినా, తరువాతివి కొన్ని దానిని సమర్థించలేదు. ఎడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాలో నాచ్1 జన్యువును ఉత్తేజపరిచే మార్పులు ఉంటే వ్యాధి వేగంగా వ్యాపించే అవకాశం ఎక్కువ. కణితి పరిమాణం, వ్యాప్తి దశ, కణాల తీవ్రతా స్థాయి నేటికీ ప్రధానమైన ఆధారాలు. సూచిక కనబడనంత మాత్రాన ఆ వ్యాధి లేదని చెప్పరాదు.

కొన్ని సూచికలు మందును కూడా నిర్దేశిస్తాయి. ఎన్‌టీఆర్‌కే సంయుక్త జన్యువు ఉండి, శస్త్రచికిత్సకు లొంగని లేదా ఇతర భాగాలకు వ్యాపించిన కాన్సర్లకు లారోట్రెక్టినిబ్ అనే మందును అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో ఆమోదించింది. లాలాజల నాళ కార్సినోమాలో హెర్2 జన్యువు ప్రతులు అధికంగా ఉంటే ట్రాస్టుజుమాబ్ వంటి మందులు ప్రయత్నిస్తారు. అందువలన వ్యాపించిన కణితికి సరైన పేరు పెట్టడం చికిత్సలో తొలి మెట్టు.